జొన్నలో ధురిన్ విశ్లేషణ: కణ జీవక్రియా పదార్థాల కొలతలో మెరుగుదలలు, మెళకువలు

ఉపోద్ఘాతం

వర్షాకాలం మధ్యలో బెట్ట ఏర్పడినప్పుడు వాడిన లేత జొన్న పైరును మేసిన పశువులు కొద్దిసేపటిలోనే ఎగశ్వాసతో, వణుకుతో కూలిపోవడం మెట్ట ప్రాంతాల రైతులకు తెలిసిన విపత్తు. దీనినే వారు ‘నాము’ అని వ్యవహరిస్తారు. పైరులోని ధురిన్ అనే పదార్థం విచ్ఛిన్నమై హైడ్రోజన్ సయనైడ్ వెలువడటం ఇందుకు కారణం. సయనైడ్ కణశ్వాసక్రియలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైమును నిరోధిస్తుంది. అందువలన రక్తంలో ప్రాణవాయువు ఉన్నప్పటికీ కణాలు దానిని వినియోగించుకోలేవు.

“ఈ పైరు మేపవచ్చునా?” అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సమాధానం తరచుగా ప్రయోగశాల పంపిన ఒక అంకెపై ఆధారపడుతుంది. పచ్చిమేతలో కిలోకు 200 మి.గ్రా. హైడ్రోజన్ సయనైడ్ సామర్థ్యాన్ని సాధారణంగా ప్రమాద పరిమితిగా పరిగణిస్తారు. అయితే ధురిన్ కొలతలో జరిగే పొరపాట్లలో అధికభాగం అంకెను తగ్గించేవే. అంటే పొరపాటు జరిగినప్పుడు విషపు మేత సురక్షితమైనదిగా కనిపిస్తుంది. గత శతాబ్ది కాలంలో విశ్లేషణ పరికరాలు ఎంతో మెరుగుపడినా, ఈ అంకె విశ్వసనీయత ప్రధానంగా నమూనా పరికరాన్ని చేరకముందే నిర్ణయమవుతుంది. ఈ విషయాన్ని ధురిన్ ఉదాహరణగా వివరించడం, అందులోని సూత్రాలు ఇతర జీవక్రియా పదార్థాల కొలతకు ఎలా వర్తిస్తాయో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కణంలో ధురిన్ ఉనికి

జొన్నలోని సయనోజెనిక్ గ్లూకోసైడును డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రవేత్తలు 1902లో వేరుచేసి, జొన్నకు అరబిక్ భాషలో ఉన్న పేరు ఆధారంగా దానికి ధురిన్ అని నామకరణం చేశారు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొక్క దీనిని సంశ్లేషిస్తుంది. దీని అణుభారం 311.3. ధురిన్ తనంతట తాను సయనైడును విడుదల చేయదు. మొదట ధురినేజ్ అనే గ్లూకోసిడేజ్ ఎంజైమ్ దాని నుంచి గ్లూకోజును తొలగిస్తుంది. మిగిలిన పదార్థం మరొక ఎంజైమ్ సహాయంతో గాని, స్వతస్సిద్ధంగా గాని పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్‌లుగా విడిపోతుంది. ఒక ధురిన్ అణువు నుంచి ఈ రెండూ ఒక్కొక్క అణువు చొప్పున ఏర్పడతాయి.

సజీవమైన ఆకులో ఈ చర్య విస్తృతంగా జరగకపోవడానికి కారణం స్థానభేదం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ కాన్ బృందం 1979లో జొన్న ఆకు కణజాలాలను వేరుచేసి పరీక్షించింది. ధురిన్ బాహ్యచర్మ కణాలలోను, దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైములు పత్రాంతర కణజాలంలోను ఉన్నట్లు తేల్చింది. ఆకు నలిగినప్పుడు, నమిలినప్పుడు, మంచు స్ఫటికాలు కణత్వచాలను చీల్చినప్పుడు ఈ రెండూ కలుస్తాయి. మొక్కకు ఇది రక్షణ ఏర్పాటు. విశ్లేషకునికి మాత్రం ఇది ప్రధాన సమస్య. కొలవడం కోసం ఆకును నూరే చర్యే కొలవవలసిన పదార్థాన్ని నశింపజేస్తుంది.

దీనికి తోడు హైడ్రోజన్ సయనైడ్ మరుగు స్థానం సుమారు 26° సె. మాత్రమే. ఖరీఫ్ పగటి ఉష్ణోగ్రతలు సాధారణంగా దీనికంటే అధికంగా ఉంటాయి. కత్తిరించిన ఆకులను పాలిథిన్ సంచిలో ఉంచి ఎండలో ప్రయోగశాలకు తరలించినప్పుడు, నలిగిన భాగాలలో వెలువడిన సయనైడ్ సంచి తెరవగానే గాలిలో కలిసిపోతుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన పరికరం ఉపయోగించినా పోయినదానిని కొలవడం సాధ్యం కాదు.

పూర్వ పద్ధతులు: వాటి తర్కం

సోడియం పిక్రేట్ కాగితపు పరీక్ష 20వ శతాబ్ది ఆరంభం నుంచి వాడుకలో ఉంది. తూచిన ఆకు ముక్కలను కొన్ని చుక్కల క్లోరోఫారంతో సహా మూత బిగుతుగా ఉన్న గాజు గొట్టంలో ఉంచి, పిక్రేట్ కాగితాన్ని ఆకుకు తగలకుండా వేలాడదీస్తారు. క్లోరోఫారం కణత్వచాలను ఛేదించగా ఎంజైములు ధురిన్‌పై పనిచేస్తాయి. వెలువడిన సయనైడ్ పసుపు రంగు కాగితాన్ని నారింజ నుంచి ఇటుక ఎరుపు రంగుకు మారుస్తుంది. రంగును నీటిలోకి తీసి 510 నానోమీటర్ల వద్ద కొలిచినట్లయితే పరిమాణాత్మక ఫలితం కూడా లభిస్తుంది.

వెలువడిన వాయువును సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో బంధించి, క్లోరమీన్-టి, పిరిడీన్, బార్బిట్యూరిక్ ఆమ్లాలతో రంగు వృద్ధి చేసి కొలవడం మరొక మార్గం. క్షార ద్రావణంలో సయనైడ్ అయానుగా మారి ఆవిరి కాకుండా నిలుస్తుంది. 1977లో గోర్జ్ బృందం మరొక మార్గాన్ని సూచించింది. ఆకును నీటిలో ఆటోక్లేవ్ చేసి, ధురిన్ విచ్ఛిన్నం వలన ఏర్పడే పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడును 330 నానోమీటర్ల వద్ద కొలవడం ఇందులోని ఏర్పాటు. ఆవిరయ్యే సయనైడుకు బదులు ద్రావణంలో నిలిచే సహోత్పన్నాన్ని ఎంచుకోవడం ఈ పద్ధతి విశిష్టత.

పై పద్ధతులను పరిశీలించినట్లయితే ఒక సామాన్య సూత్రం గోచరిస్తుంది. ధురిన్ కొలతకు సమర్థనీయమైన మార్గాలు రెండే. మొదటిది, మూసిన పాత్రలో విచ్ఛిన్న చర్యను చివరి వరకు జరగనిచ్చి ఉత్పన్నాన్ని పూర్తిగా పట్టుకోవడం. రెండవది, విచ్ఛిన్న చర్యను మొదలు కాకముందే ఆపి, ధురిన్‌ను యథాతథంగా కొలవడం. సగం జరిగి సగం ఆగిన చర్య ఏ పద్ధతిలోనైనా తప్పుడు ఫలితాన్నే ఇస్తుంది. పొలంలోనే గొట్టంలో మూసిన పిక్రేట్ పరీక్ష మొదటి మార్గాన్ని నిజాయితీగా అనుసరిస్తుంది. కనుక వాడిపోయి ప్రయోగశాలకు చేరిన ఆకుపై జరిపిన ఆధునిక విశ్లేషణ కంటే అది అనేక సందర్భాలలో సత్యానికి చేరువగా ఉంటుంది.

చర్యను ఆపడం: నమూనా సేకరణలో మెరుగుదల

రెండవ మార్గంలో అత్యంత కీలకమైన దశ ఎంజైములను తక్షణం నిర్వీర్యం చేయడం. ఇందుకు అతి శీతలం, అధిక ఉష్ణం అనే రెండు సాధనాలు ఉన్నాయి.

ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత -196° సె. కోసిన వెంటనే ఆకు ముక్కలను దానిలో ముంచితే చర్యలన్నీ స్తంభిస్తాయి. అయితే శీతలం ఎంజైమును నిద్రపుచ్చుతుందే గాని నశింపజేయదు. ఘనీభవించిన కణజాలం కరిగిన మరుక్షణం, చీలిన కణాలలోని ధురిన్, ధురినేజ్ కలిసిపోతాయి. అందువలన కణజాలాన్ని ద్రవ నైట్రోజన్‌లోనే పొడి చేసి, కరగనీయకుండా వేడి మిథనాల్ ద్రావణంలోకి చేర్చాలి. సాధారణ ఫ్రీజరులో -20° సె. వద్ద ఆకును నిదానంగా గడ్డకట్టించడం ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. నిదానంగా ఏర్పడే పెద్ద మంచు స్ఫటికాలు కణాలను చీల్చి, చర్యకు మార్గం సుగమం చేస్తాయి.

ప్రయోగశాల సమీపంలోనే మొక్కలు ఉన్నప్పుడు, తూచిన ఆకును నూరకుండా మరుగుతున్న 80 శాతం మిథనాల్‌లో నేరుగా వేయడం సరళమైన పద్ధతి. వేడి ఎంజైమును శాశ్వతంగా నిర్వీర్యం చేస్తుంది, మిథనాల్ ధురిన్‌ను కరిగిస్తుంది. మిథనాల్ విషపూరితమైనది, మండే స్వభావం కలది. కావున ఈ పనిని ఫ్యూమ్ హుడ్‌లో నీటి తొట్టెపై మాత్రమే చేయాలి. ద్రవ నైట్రోజన్ వాడేటప్పుడు గాలి ప్రసరించే చోటు, రక్షణ తొడుగులు తప్పనిసరి.

విద్యార్థుల పరిశోధనలలో తరచుగా కనిపించే ఒక పొరపాటును ఇక్కడ ప్రస్తావించడం అవసరం. నత్రజని, భాస్వరం విశ్లేషణకు ఓవెన్‌లో 60–70° సె. వద్ద ఆరబెట్టిన నమూనాలనే ధురిన్‌కు కూడా వినియోగిస్తుంటారు. ఆకు వేడెక్కుతూ వాడే తొలి దశలో ఎంజైములు చురుకుగానే ఉంటాయి. ఖనిజ పోషకాలకు ఆ దశ వలన నష్టం లేదు, కాని ధురిన్‌లో కొంత భాగం అక్కడే అదృశ్యమవుతుంది. ఘనీభవన స్థితిలో ఆరబెట్టిన పొడిలో సైతం ఎంజైమ్ సజీవంగానే ఉంటుందని, నీరు తగలగానే చర్య మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

ఎల్.సి.–ఎం.ఎస్. విశ్లేషణ: బలాలు, ఉచ్చులు

లిక్విడ్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీలను జతపరచిన ఎల్.సి.–ఎం.ఎస్. పద్ధతి నేడు జీవక్రియా పదార్థాల విశ్లేషణకు ప్రధాన సాధనం. ద్రావణంలోని పెద్ద అణువులను చెక్కుచెదరకుండా అయాన్లుగా మార్చే ఎలక్ట్రోస్ప్రే ప్రక్రియను అభివృద్ధి చేసినందుకు జాన్ ఫెన్ 2002 నోబెల్ రసాయనశాస్త్ర బహుమతిలో భాగం పొందారు. ఈ ప్రక్రియలో ధురిన్ ప్రధానంగా సోడియం అయానుతో కలిసి 334 ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి వద్ద కనిపిస్తుంది. అతి స్వల్ప పరిమాణంలోని ధురిన్‌ను సైతం ఈ విధంగా గుర్తించవచ్చు. అయితే ఇందులో మూడు ఉచ్చులు ఉన్నాయి.

మొదటిది అయాన్ల అణచివేత. ఆకు సారంలోని లవణాలు, చక్కెరలు, ఫినాలిక్ పదార్థాలు ధురిన్‌తో పాటు ఒకే సమయంలో స్తంభం నుంచి వెలువడితే, ఆవేశం కోసం పోటీపడి ధురిన్ సంకేతాన్ని తగ్గిస్తాయి. శుద్ధమైన ద్రావణంలో తయారుచేసిన ప్రమాణ రేఖతో ఆకు సారాన్ని పోల్చినప్పుడు ఫలితం వాస్తవం కంటే తక్కువగా వస్తుంది. పైగా సోడియం జత ఎంత ఏర్పడుతుందనేది సారంలోని సోడియంపై ఆధారపడుతుంది. చౌడు భూముల నమూనాలను సాధారణ భూముల నమూనాలతో పోల్చే ప్రయోగాలలో ఈ అంశాన్ని విస్మరించరాదు.

దీనికి పరిష్కారం అంతర్గత ప్రమాణం. జొన్నలో లేని అమిగ్డలిన్ వంటి మరొక సయనోజెనిక్ గ్లైకోసైడును తెలిసిన పరిమాణంలో సంగ్రహణ ఆరంభంలోనే కలిపితే, సంగ్రహణలోని నష్టాలను సవరించవచ్చు. కాని అది స్తంభం నుంచి వేరొక సమయంలో వెలువడుతుంది గనుక, ధురిన్ వెలువడే క్షణంలోని అణచివేతను అది చూపలేదు. కార్బన్-13 లేదా నైట్రోజన్-15తో గుర్తించబడిన ధురిన్ మాత్రమే అదే క్షణంలో వెలువడి, అదే అణచివేతకు లోనై, ద్రవ్యరాశిలో మాత్రం వేరుగా కనిపిస్తుంది. అది లభించని చోట, ప్రతి రకపు సారానికీ తెలిసిన మోతాదులలో ధురిన్‌ను చేర్చి కొలిచే ప్రమాణ-సంకలన పద్ధతిని అనుసరించాలి.

రెండవ ఉచ్చు సమాంగాలు. వెదురులో ఉండే టాక్సిఫిలిన్ అణువుకు, ధురిన్‌కు అణుసూత్రం ఒక్కటే. ఒక కార్బన్ పరమాణువు చుట్టూ ఉన్న అమరికలోనే భేదం. ఎంత సూక్ష్మమైన మాస్ స్పెక్ట్రోమీటరైనా ద్రవ్యరాశి ఆధారంగా ఈ రెండింటినీ వేరుచేయలేదు. వేరుచేయవలసినది క్రొమటోగ్రఫీ. మూడవది, కొన్ని అణువులు పరికరంలోనే విరిగి, వాటి శకలాలు కణంలోని సహజ పదార్థాలుగా భ్రమింపజేయడం. కాబట్టి శుద్ధ ప్రమాణ పదార్థం వెలువడే సమయం, దాని శకలాల తీరు రెండూ సరిపోలినప్పుడే గుర్తింపు పూర్తయినట్లు భావించాలి.

నమూనాలోనే ఉన్న సాక్షి

చర్య సక్రమంగా ఆగినదా లేదా అన్నది నిర్ధారించడానికి ధురిన్ విషయంలో ఒక సులువైన ఆధారం ఉంది. విచ్ఛిన్నమైన ధురిన్ నుంచి సయనైడ్ ఆవిరైపోయినా, పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్ సారంలో చాలావరకు మిగిలి ఉంటుంది. దీని అణుభారం 122.1. ఒకే ప్రయోగంలో ఈ రెండు పదార్థాలనూ కొలిస్తే నమూనా సేకరణ నాణ్యత బయటపడుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒక గ్రాము పచ్చి ఆకులో 2.0 మి.గ్రా. ధురిన్ కొలవబడిందనుకుంటే, అణుభారాల నిష్పత్తి ప్రకారం అది 0.174 మి.గ్రా. హైడ్రోజన్ సయనైడుకు సమానం. అంటే కిలోకు 174 మి.గ్రా. ఈ అంకె 200 పరిమితికి లోబడి ఉంది గనుక మేత సురక్షితమనే సలహా వెలువడుతుంది. అదే సారంలో 0.20 మి.గ్రా. పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్ కూడా ఉందనుకుంటే, అది విశ్లేషణకు ముందే వెలువడిపోయిన 0.044 మి.గ్రా. సయనైడును సూచిస్తుంది. రెండూ కలిపితే కిలోకు 218 మి.గ్రా. మేత పరిమితిని దాటింది. రెండవ పదార్థాన్ని కొలవని ప్రయోగశాల ఇచ్చే సలహా పశువు ప్రాణానికి ముప్పు తెస్తుంది.

పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్ కొంత ఇతర మార్గాలలో కూడా ఏర్పడవచ్చు, కొంత మార్పు చెందవచ్చు. కనుక దీనిని ఖచ్చితమైన సవరణగా గాక హెచ్చరిక సూచికగా వినియోగించడం సముచితం. దాని పరిమాణం అధికంగా కనిపించిన నమూనాలను తిరిగి సేకరించడమే మేలు.

తడి బరువు, పొడి బరువు

బెట్ట ప్రయోగాలలో ఫలితాన్ని ఏ బరువుకు లెక్కించారన్నది అర్థాన్నే మార్చివేస్తుంది. ఒక గ్రాము ఆకులో 0.8 గ్రా. నీరు, 0.2 గ్రా. పొడి పదార్థం ఉన్నాయనుకుందాం. బెట్టలో నీరు 0.6 గ్రాములకు తగ్గితే ఆకు బరువు 0.8 గ్రా. అవుతుంది. ధురిన్ ఏ మాత్రం అదనంగా సంశ్లేషించబడకపోయినా, తడి బరువు ప్రాతిపదికన దాని గాఢత 25 శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. బెట్ట ధురిన్ సంశ్లేషణను పెంచిందని చెప్పడానికి పొడి బరువు ప్రాతిపదిక అవసరం. పశువు తినేది పచ్చిమేత గనుక మేపు సలహాకు తడి బరువు కూడా అవసరం.

ప్రమాద పరిమితుల విషయంలో కూడా ఈ జాగ్రత్త పాటించాలి. పచ్చిమేతలో కిలోకు 200 మి.గ్రా. అంటే, 20 శాతం పొడి పదార్థం ఉన్నప్పుడు, పొడి బరువులో కిలోకు 1000 మి.గ్రా. ప్రాతిపదికను పేర్కొనని పి.పి.ఎం. అంకెను రైతుకు అందించడం కంటే అందించకపోవడమే ఉత్తమం.

సగటు వెనుక ఉన్న కణం

ఆకు మొత్తాన్ని నూరి పొందిన అంకె ఒక సగటు మాత్రమే. ధురిన్ బాహ్యచర్మానికే పరిమితమైతే, ఆ కణజాలం ఆకు పరిమాణంలో ఐదవ వంతు ఉన్నదనుకున్నప్పుడు, అక్కడి వాస్తవ గాఢత సగటుకు ఐదు రెట్లు. మేపు సలహాకు సగటు చాలు. ధురిన్ తక్కువగా ఉండే రకాల రూపకల్పనకు, ఆ పదార్థం ఏ కణాలలో పుట్టి ఎటు తరలుతున్నదో తెలియాలి. ఘనీభవించిన పలుచని కోతలపై లేజర్ కిరణాన్ని బిందువు తరువాత బిందువుగా ప్రసరింపజేసి, ప్రతి చోటి అణువులను మాస్ స్పెక్ట్రోమీటరులో నమోదు చేసే ప్రతిబింబ పద్ధతులు ఈ అవసరాన్ని తీరుస్తున్నాయి. ఇక్కడ కూడా నియమం అదే. కోత ఒక్కసారి కరిగినా అణువులు స్థానభ్రంశం చెందుతాయి.

గాఢత సంశ్లేషణ వేగాన్ని సైతం తెలుపదు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2018 నాటి అధ్యయనం, సయనైడ్ వెలువడకుండానే ధురిన్‌ను మార్చి నత్రజనిని పునర్వినియోగించే మార్గం జొన్నలో ఉన్నదని చూపింది. ధురిన్ స్థిరంగా ఉన్నదంటే సంశ్లేషణ నిలిచిపోయిందని అర్థం కానవసరం లేదు, రాకపోకలు సమానమై ఉండవచ్చు. ఈ ప్రవాహాన్ని తెలుసుకోవాలంటే గుర్తించబడిన టైరోసిన్‌ను అందించి, ఆ గుర్తు ధురిన్‌లోకి చేరే వేగాన్ని వేర్వేరు సమయాలలో కొలవాలి.

ఇతర జీవక్రియా పదార్థాలకు అన్వయం

చర్యను ఆపడమే కొలతకు పునాది అన్న సూత్రం ధురిన్‌కే పరిమితం కాదు. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ మార్గాన్ని ఛేదించిన మెల్విన్ కాల్విన్ బృందం, రేడియోధార్మిక కార్బన్‌ను కొద్ది సెకన్లు మాత్రమే అందుకున్న శైవలాలను నేరుగా వేడి ఆల్కహాల్‌లోకి విడిచింది. ఆ క్షణంలో చర్య ఆగినందువల్లనే ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం తొలి ఉత్పన్నంగా తేలింది. ఈ కృషికి కాల్విన్ 1961లో నోబెల్ బహుమతి పొందారు.

ఎ.టి.పి. వంటి పదార్థాలు కణంలో సెకన్ల వ్యవధిలోనే ఖర్చై తిరిగి ఏర్పడతాయి. సంగ్రహణలో ఎంజైములు పూర్తిగా నిర్వీర్యం కాకపోతే ఎ.టి.పి. విచ్ఛిన్నమై ఎ.డి.పి., ఎ.ఎం.పి.లు పెరుగుతాయి. ఆరోగ్యవంతమైన కణాలలో ఎ.టి.పి. వాటా అధికంగా ఉండాలి గనుక, ఈ మూడింటి నిష్పత్తి అక్కడ సాక్షిగా ఉపకరిస్తుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జాషువా రాబినోవిట్జ్ బృందం 2009లో ఇ. కోలై కణాలలోని 100కు పైగా పదార్థాల వాస్తవ గాఢతలను ప్రకటించింది. కణాలను కార్బన్-13 ఆహారంపై పెంచి, సంగ్రహణ ద్రావణంలో సాధారణ ప్రమాణ పదార్థాలను చేర్చడం ద్వారా నష్టాలను, అణచివేతను ఒకేసారి సవరించడం వారి పద్ధతిలోని కీలకాంశం.

ముగింపు

ధురిన్ విశ్లేషణ చరిత్రలో పిక్రేట్ కాగితం నుంచి ఎల్.సి.–ఎం.ఎస్. వరకు సున్నితత్వం ఎన్నో రెట్లు పెరిగింది. సున్నితత్వం పెరిగినంత మాత్రాన సత్యసంధత పెరగదు. విద్యార్థులు తమ పరిశోధన గ్రంథాలలో పరికరం నమూనాను పేర్కొన్నంత శ్రద్ధగా ఏ ఆకును, ఏ వేళలో, ఏ వయసు పైరు నుంచి కోశారో, కోతకు, చర్య ఆగడానికి మధ్య ఎంత వ్యవధి గడిచిందో, ఫలితం ఏ బరువు ప్రాతిపదికన ఉన్నదో నమోదు చేయాలి. అంతర్గత ప్రమాణం, పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్ విలువ లేని ధురిన్ ఫలితాలను అసంపూర్ణంగా భావించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు పొలం వద్ద మూసిన గొట్టంలో చేసే పిక్రేట్ పరీక్ష ఇప్పటికీ ఆధారపడదగిన సాధనం. ప్రయోగశాలకు పంపిన నమూనాలో తక్కువ విలువ వచ్చినప్పుడు, నమూనా ప్రయాణించిన తీరును విచారించకుండా మేపునకు అనుమతి ఇవ్వరాదు. సందేహం ఉన్నచోట పాత సలహాయే శ్రేయస్కరం. లేత పైరును, బెట్టలో వాడిన పైరును, కోత తరువాత మోళ్ళ నుంచి వచ్చిన లేత పిలకలను మేపరాదు. తడి ఇచ్చి, పూత దశ వచ్చిన తరువాతనే కోసి మేపాలి. నాము లక్షణాలు కనిపించిన పశువుకు క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని ద్వారా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ చికిత్స అందించాలి. తప్పుడు ‘సురక్షితం’ అనే ఒక్క అంకె వలన కలిగే నష్టాన్ని భరించేది ప్రయోగశాల కాదు, ఆ పశువుపై ఆధారపడిన కుటుంబం.